బ్రాకిల్‌షామ్ తీరంలో చిన్న సముద్ర శిలాజాలు: ఏరడం, కడగడం, గుర్తుపట్టడం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, వెస్ట్ సస్సెక్స్‌లోని చిచెస్టర్ నగరానికి దిగువన ఉన్న బ్రాకిల్‌షామ్ బే పైకి మామూలు సముద్రతీరంలాగే కనిపిస్తుంది. శిలాజాలు దొరికే చోట ఉండాలని మనం ఊహించుకునే ఎత్తైన కొండచరియలు ఇక్కడ లేవు. గులకరాళ్ల గట్టు, దాని ముందు చదునైన ఇసుక, మధ్యమధ్య అలల జోరును ఆపే చెక్క కంచెలు, అంతే. అయితే నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు ఇసుక కింద నుంచి బూడిదరంగులో ఆకుపచ్చ కలిసిన ఇసుక బంకమన్ను అక్కడక్కడ బయటపడుతుంది. అది ఇయోసీన్ యుగంలో, సుమారు నాలుగున్నర కోట్ల సంవత్సరాల క్రితం, ఈ ప్రాంతాన్ని కప్పిన వెచ్చని, లోతు తక్కువ సముద్రపు అడుగు. అందులోని సొరచేపల పళ్లు, గవ్వలు, ఒంటి పగడాలు, ఏకకణ జీవుల గుల్లలు ప్రతి తుఫానుకూ కొన్ని ఊడి తీరం మీదికి వస్తాయి.

ఈ పొరలను క్రైస్తవ మతాచార్యుడు, భూశాస్త్రజ్ఞుడు అయిన ఆస్మండ్ ఫిషర్ 1862లో వరుసగా వర్ణించాడు. 1977లో వాటిని మరింత సూక్ష్మంగా వివరించిన బృందంలో డెనిస్ కర్రీ ఒకరు. బ్రిటన్‌లో ఉండే తెలుగువారు టీవీలు, ఫ్రిజ్‌లు కొనడానికి వెళ్లే కర్రీస్ దుకాణాల కుటుంబం ఆయనది. వృత్తి వ్యాపారమైనా సూక్ష్మశిలాజాల అధ్యయనంలో ఆయన నిపుణులకు సమానంగా నిలిచారు. ఈ విద్యకు పెద్ద ప్రయోగశాల లేకపోయినా ఫర్వాలేదు, ఓపికా క్రమమూ ఉండాలి అనడానికి ఆయనే మంచి ఉదాహరణ.

ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు కూడా బాగా దిగుతుంది. కాబట్టి రోజు ఎంచుకోవడానికి ఇంట్లో ఉన్న తెలుగు క్యాలెండరు చాలు. గంట మాత్రం స్థానిక ఆటుపోట్ల పట్టికలోనే చూసుకోవాలి. నీరు పూర్తిగా తగ్గేదాకా ఆగి వెళ్లడం కంటే, దానికి రెండు గంటల ముందే చేరుకుని, వెనక్కి తగ్గుతున్న నీటి అంచు వెంట నడవడం మేలు. అప్పుడే కడిగిన ఇసుక మీద నల్లని పన్ను తడితో మెరుస్తూ తేలిగ్గా కంట పడుతుంది. నీరు తిరిగి ఎక్కడం మొదలుకాగానే వెనుదిరగాలి, ఎందుకంటే చదునైన తీరంలో పోటు మనం అనుకున్న దానికంటే వేగంగా వస్తుంది, వెనుక ఉన్న పల్లాలను ముందే నింపేస్తుంది. వేసవిలో అలలు ఇసుకను తీరం మీద పోగుచేయడం వల్ల శిలాజాల పొరలు చాలావరకు కప్పబడిపోతాయి. చలికాలపు తుఫానులు ఆ ఇసుకను లాక్కుపోయిన తరువాత, అంటే జనవరి నుంచి మార్చి వరకు, చలి బాధ ఉన్నా పని ఫలిస్తుంది.

ఈ తీరం చట్టరీత్యా రక్షిత శాస్త్రీయ స్థలం. ఊడి పడి ఉన్నవాటిని మితంగా ఏరుకోవచ్చు కానీ, పొరను పారతోనో ఉలితోనో తవ్వకూడదు. నిజానికి తవ్వాల్సిన అవసరం కూడా లేదు, ఆ పని అలలే చేస్తున్నాయి. వెంట ఉండాల్సినవి మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక మెత్త, వంటింటి జల్లెడ ఒకటి, మూతగల చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, జిప్ సంచులు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పెన్సిలు, కాగితపు ముక్కలు. పెన్ను వద్దు, సిరా తడికి కరిగిపోతుంది.

తీరం మీద కంటిని అలవాటు చేయడం

నిలబడి నడిస్తే పెద్దవి కనిపిస్తాయి, చిన్నవి కావాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. అలలు బరువును బట్టి వస్తువులను వేరుచేస్తాయి కాబట్టి, చిన్న గులకలు, గవ్వ ముక్కలు ఒకే పరిమాణంలో సన్నని పట్టీగా పోగైన చోట పళ్లు కూడా పోగవుతాయి. చెక్క కంచెల పక్కన, రాళ్ల వెనుక ఏర్పడే గుంటల్లోనూ అంతే. అలాంటి చోట ఒక చదరపు అడుగును ఎంచుకుని, అది పూర్తయ్యేదాకా చూపు తిప్పకుండా చూడటం, తీరమంతా తిరగడం కంటే ఎక్కువ ఇస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది చేతిలో ఉన్నది పాతదా, నేటిదా అన్నది. ఇప్పటి గవ్వలకు మెరుపు, రంగు ఉంటాయి, వేలి గోటికి గట్టిగా తగులుతాయి. శిలాజ గవ్వలు బూడిదరంగులో, మెరుపు లేకుండా, సున్నపు ముక్కలా పొడిపొడిగా ఉంటాయి. బొద్దుగా, వెడల్పాటి చదునైన గీతలతో ఉండే వెనెరికార్ ప్లానికోస్టా అనే ఆల్చిప్ప ఈ తీరానికి గుర్తు వంటిది, కానీ తీసిన చేతిలోనే విరిగిపోయేంత పెళుసు. పొడవాటి స్క్రూలా చుట్టుకున్న టరిటెల్లా నత్తలు కొంత మేలు. పళ్ల విషయంలో రంగు పెద్ద మోసం చేస్తుంది. నల్లని చెకుముకి పెంకు, బొగ్గు తునక, ఆల్చిప్ప విరిగిన అంచు, అన్నీ దూరానికి పన్నులాగే ఉంటాయి. దగ్గరగా చూస్తే పన్నుకు రెండు వేర్వేరు పదార్థాలు కనిపిస్తాయి, ఒకటి అద్దంలా నున్నని కిరీటం, రెండోది గరుకుగా, సన్నని రంధ్రాలతో ఉండే మూలం. ఈ రెండింటి మధ్య స్పష్టమైన గీత ఉంటే అది పన్నే.

చిన్నవాటికి ఇసుక చాలదు, గడ్డ కావాలి

కొత్తగా ఈ పనిలో దిగినవారికి ఎక్కువమంది చెప్పని విషయం ఒకటుంది. సెంటీమీటరు పొడవున్న సొర పన్ను ఇసుకలో దొరికినా, పొరలో దొరికినా పెద్ద తేడా లేదు, అది ఈ తీరపు ఇయోసీన్‌దేనని చెప్పగలం. కానీ మిల్లీమీటరు కంటే చిన్నవైన ఫోరామినిఫెరా (గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు), ఆస్ట్రకాడ్‌ల (జంట పెంకులున్న అతి చిన్న జలచరాలు) విషయంలో ఆ ధీమా ఉండదు. ఇదే సముద్రంలో ఈ రోజు కూడా అవే వర్గాల జీవులు బతుకుతున్నాయి, చచ్చిన వాటి గుల్లలు అదే ఇసుకలో కలుస్తున్నాయి. గుప్పెడు తీరపు ఇసుకను కడిగి, అందులో దొరికిన ప్రతి గుల్లనూ శిలాజమని రాసుకుంటే, సగం గత సంవత్సరపువి కావచ్చు. పరిమాణం తగ్గేకొద్దీ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న బరువెక్కుతుంది.

అందుకే తుఫాను తరువాత పొర నుంచి ఊడి ఇసుక మీద పడి ఉన్న బంకమన్ను గడ్డను వెతకాలి. పిడికిలి రెండింతల గడ్డ ఒకటి చాలు. ఇంటికి తెచ్చాక దాన్ని కడగకముందే, పై పొరను అన్ని వైపులా సెంటీమీటరు మందాన కత్తితో చెక్కి పారేయాలి, అలల ఇసుక అతుక్కున్నది అక్కడే. మధ్య భాగాన్ని మాత్రమే వాడాలి. గడ్డ ఏ పొరదో తెలిసే ఆధారం పక్కన ఉంటే, ఉదాహరణకు అక్కడే అదే రంగు పొర బయటపడి ఉంటే, కారు పార్కింగ్ నుంచి ఎంత దూరంలో, ఏ దిక్కున, ఎలాంటి మట్టి, పక్కన ఏ గవ్వలు ఉన్నాయో అప్పటికప్పుడే రాసుకోవాలి.

పొర వివరం ఎంత విలువైనదో తెలుసుకోవడానికి మన రాజమహేంద్రవరం పరిసరాలే సాక్ష్యం. దుద్దుకూరు, గౌరీపట్నం వైపు రాతి గనుల్లో లావా పొరల మధ్య సముద్రపు అవక్షేపాలు ఇరుక్కుని ఉన్నాయి. వాటిలోని సూక్ష్మమైన ఫోరామినిఫెరా ఏ పొరలో ఏవి ఉన్నాయో గమనించి, అక్కడి దిగువ లావా ప్రవాహాలు డైనోసార్లు అంతరించిన కాలం దగ్గరే ముగిశాయని 2008లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఆ గుల్లలు ఏ మట్టిలోవో తెలియకుండా డబ్బాలో కలిపి తెచ్చి ఉంటే అవి ఏమీ చెప్పలేకపోయేవి.

కడగడం

ఉప్పును ముందు వదిలించాలి. తీరం మీద ఏరిన గవ్వలు, పళ్లను మంచినీటిలో నానబెట్టి, రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ ఉండాలి, లేకపోతే లోపలి ఉప్పు ఆరి స్ఫటికాలై పెంకును లోపలి నుంచే పగలగొడుతుంది. శుభ్రం చేయడానికి వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ శుభ్రపరిచే ఆమ్లం వంటివి ఎంత మాత్రం వాడకూడదు. గవ్వలు, ఫోరామినిఫెరా, చేపల చెవిరాళ్లు (చేప లోపలి చెవిలో ఉండే చిన్న రాళ్లు) సున్నపు పదార్థంతో ఉన్నవి, నిమిషాల్లో కరిగిపోతాయి.

బంకమన్ను గడ్డ విషయంలో తొందరపడి నీళ్లలో వేయడం తప్పు పద్ధతి. తడి గడ్డ నీటిలో రోజులు గడిచినా మొండిగా అలాగే ఉంటుంది. దాన్ని చిన్న ముక్కలు చేసి, ఎండలోనో రేడియేటర్ పక్కనో పూర్తిగా ఎండబెట్టి, ఆ తరువాత వేడినీళ్లు పోస్తే, నీరు రంధ్రాల్లోకి చొరబడి గడ్డ దానంతట అదే బుసబుసలాడుతూ పిండిగా విడిపోతుంది. ఇంకా మొండికేస్తే రెండు చెంచాల బట్టల సోడా కలిపి ఒక రాత్రి వదిలేయాలి. చేత్తో నలపకూడదు.

తరువాత, బకెట్‌లో విడిపోయిన మట్టిని బియ్యం కడిగినట్లు మెల్లగా తిప్పుతూ, పైకి లేచిన బురద నీటిని జల్లెడల మీదుగా వంచాలి. 2 మి.మీ., 1 మి.మీ., 0.5 మి.మీ. కన్నాల జల్లెడలు మూడు ఒకదాని కింద ఒకటి పెడితే పళ్లు, పగడాలు, చెవిరాళ్లు దొరుకుతాయి. ఫోరామినిఫెరా, ఆస్ట్రకాడ్‌లు కావాలంటే అడుగున 125 మైక్రాన్ల (0.125 మి.మీ.) జల్లెడ కూడా కావాలి. పరిశోధకులు 63 మైక్రాన్ల వరకు వెళ్తారు, కానీ ఆ సన్నపు భాగంలోని గుల్లలు చాలావరకు పసి దశవి కావడంతో, మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడమే మంచిది. బురద నీరు సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, తోటలో పారబోయాలి.

జల్లెడ శుభ్రతలో ఒక పాత చిట్కా ఉంది. ఒక గడ్డ పని పూర్తయ్యాక జల్లెడను బాగా కడిగి, మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు ద్రావణంలో ముంచి మళ్లీ కడగాలి. కన్నాల్లో ఇరుక్కుని మిగిలిన పాత గుల్లలు నీలంగా మారతాయి, కాబట్టి తరువాతి గడ్డ కడిగినప్పుడు నీలి గుల్ల కనిపిస్తే అది ముందు దానిదని తెలిసిపోతుంది, దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఏరడం

ఆరిన మిగులును పరిమాణం వారీగా వేర్వేరు సంచుల్లో ఉంచి, ఒక్కొక్క దాని నుంచి చెంచాడు తీసి పళ్లెంలో ఒకే వరుస మందాన పరచాలి. పాలిపోయిన గుల్లలకు నల్లని పళ్లెం, నల్లని పళ్లకు తెల్లని పళ్లెం నప్పుతాయి. పళ్లెం మీద గళ్లు గీసుకుని ఒక్కో గడిని పూర్తిచేస్తూ పోతే, కంటికి ఇంపైనవి మాత్రమే ఏరే పక్షపాతం తగ్గుతుంది. 1 మి.మీ. పైవాటికి భూతద్దం సరిపోతుంది. అంతకంటే చిన్నవాటికి 10 నుంచి 40 రెట్లు పెద్దదిగా చూపే, రెండు కళ్లతో చూసే స్టీరియో మైక్రోస్కోప్ కావాలి. వెలుతురు పై నుంచి కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పడాలి, గీతలూ గుంటలూ నీడలతో తేలేది అప్పుడే. అతి సన్నని చిత్రలేఖనపు కుంచెను నీటిలో ముంచి, వేళ్లతో పిండి, మొనతో తాకితే గుల్ల అతుక్కుని వస్తుంది. పట్టకారు వాడితే చిన్నవి ఎగిరి గల్లంతవుతాయి, లేదా నలిగిపోతాయి.

గుర్తుపట్టడం

అన్నిటికంటే తేలిగ్గా దొరికేది, గుర్తుపట్టడానికి పాఠంగా ఉపయోగపడేది న్యుమ్యులైట్. రెండు వైపులా కొద్దిగా ఉబ్బిన గుండ్రని బిళ్ల, కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాటి ఉంటుంది, రాయి కాదు, గవ్వ కాదు, ఒకే కణం కట్టుకున్న ఇల్లు. ఈజిప్టు పిరమిడ్ల సున్నపురాయిలో ఇదే వర్గపు వేరే జాతులవి కిక్కిరిసి ఉన్నాయి. అక్కడ రాళ్ల పెంట మీద పప్పుబద్దల వంటివి పడి ఉండటం చూసిన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో, అవి కూలీలు తిని మిగిల్చిన తిండి రాయిగా మారినవని చెప్పుకునే కథను నమోదు చేశాడు.

బ్రాకిల్‌షామ్‌లో పెద్దగా కనిపించేది న్యుమ్యులైటిస్ లీవిగేటస్. లోపలి నిర్మాణం చూడాలంటే అరిగిపోయిన బిళ్ల ఒకదాన్ని పట్టకారుతో పట్టుకుని, మంటలో కొద్ది సెకన్లు వేడిచేసి, వెంటనే చన్నీళ్లలో వేయాలి. చాలాసార్లు అది మధ్య తలం వెంట రెండు పలకలుగా విడిపోతుంది. ముక్కలు చిట్లుతాయి కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, పిల్లలను దూరంగా ఉంచాలి. విడిన ముఖాన్ని భూతద్దం కింద పెడితే, కేంద్రం నుంచి బయటికి చుట్లు చుట్లుగా సాగే సర్పిలం, దాన్ని అడ్డుగోడలతో విభజించిన వందలాది గదులు కనిపిస్తాయి. ఇప్పుడు కేంద్రంలోని మొదటి గదిని చూడాలి. కొన్ని బిళ్లల్లో అది స్పష్టంగా, గుండ్రంగా, పెద్దదిగా ఉంటుంది, మరికొన్నింటిలో ఎంత వెతికినా కనిపించనంత చిన్నది. ఇవి రెండు జాతులు కావు. ఒకే జాతిలో తరం మార్చి తరం రెండు విధాల పునరుత్పత్తి జరుగుతుంది. మొదటి గది పెద్దదైన తరం బిళ్లలు చిన్నవిగా, మొదటి గది చిన్నదైన తరం బిళ్లలు పెద్దవిగా పెరుగుతాయి. పరిమాణం చూసి రెండు పేర్లు పెట్టేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. దానికి తోడు, కాస్త పై పొరల్లో వేరియోలేరియస్ అనే చిన్న జాతి నిజంగానే వేరుగా ఉంది. చిన్న బిళ్లను చూసి ఏది ఏదో చెప్పాలంటే లోపలి చుట్లను చూడక తప్పదు.

సొర పళ్లలో ఎక్కువగా దొరికేది స్ట్రయాటోలేమియా మాక్రోటా అనే సొరది. పన్నును చేతిలో తిప్పి ముందుగా రెండు ముఖాలను వేరుచేయాలి. పెదవి వైపు ముఖం దాదాపు చదునుగా, నున్నగా ఉంటుంది, నాలుక వైపు ముఖం ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బిన ముఖం మీద ఏటవాలు వెలుతురు పడేలా పట్టుకుంటే, మూలం నుంచి మొన వైపు సాగే సన్నని నిలువు గీతలు కనిపిస్తాయి, ఇదే దీని ముఖ్య లక్షణం. కిరీటం రెండు పక్కలా చిన్న ఉపదంతాలు ఉన్నాయా, మూలం మధ్యలో పోషక నాళపు గాడి ఉందా అని తరువాత చూడాలి. ముందు వరుస పళ్లు పొడవుగా, సన్నగా ఉంటే, దవడ పక్కలవి పొట్టిగా, వెడల్పుగా, వంగి ఉంటాయి. ఒకే సొర నోట్లోనే ఇంత తేడా ఉంటుంది కనుక, ఆకారం ఒక్కటే చూసి జాతి నిర్ణయించకూడదు. అలల్లో దొర్లి గీతలు అరిగిపోయిన పన్నును, మూలం విరిగిపోయిన పన్నును సొర పన్ను అని మాత్రమే రాయడం నిజాయితీ.

ఈగిల్ రే చేపల నమలే పళ్లు ముక్కలుగా దొరుకుతాయి. ఒక వైపు నున్నని చదును, మరో వైపు దువ్వెన పళ్లలా సమాంతరంగా గాడులు ఉంటే సందేహం అక్కర్లేదు, అది మిలియోబాటిస్ లేదా దాని దగ్గరి బంధువు. చేప వెన్నుపూస రెండు వైపులా గిన్నెలా లోపలికి గుంటగా ఉంటుంది. చెవిరాయి పాలరంగులో, అంచులు వంకరటింకరగా, ఒక ముఖం మీద పొడవాటి గాడితో ఉంటుంది. ఆ గాడి ఆకృతే చేప కుటుంబాన్ని చెప్పేది కనుక ఫోటో తీసేటప్పుడు ఆ ముఖం తప్పక తీయాలి. నిలువు పక్కటెముకలతో చిన్న శంఖువులా ఉండేది టర్బినోలియా అనే ఒంటి పగడం. చిక్కుడు గింజ ఆకారంలో, మిల్లీమీటరు లోపు ఉండే జంట పెంకు ఆస్ట్రకాడ్.

చిన్న ఫోరామినిఫెరాలో ముందు గోడను చూడాలి, తరువాతే గదుల అమరికను. పింగాణీలా తెల్లగా, రంధ్రాలు లేకుండా ఉందా, గాజులా పారదర్శకంగా, సన్నని రంధ్రాలతో ఉందా, ఇసుక రేణువులు అతికించి కట్టినదా అన్నది తేలితే సగం దారి గడిచినట్లే. పింగాణీ గోడతో, గదులు నిలువుగా ఒకదాన్నొకటి కప్పుతూ ఉంటే క్వింక్విలాక్యులినా వంటి మిలియోలిడ్‌ల వర్గం. గదుల్లో గ్లాకొనైట్ అనే ఆకుపచ్చని ఖనిజం నిండి ఉంటే అది పాతదనడానికి బలమైన ఆధారం. గుల్ల పారదర్శకంగా, తాజాగా, లోపల ఖాళీగా ఉంటే మాత్రం గడ్డ మధ్య నుంచి వచ్చిందా అని మళ్లీ ప్రశ్నించుకోవాలి.

పేరు రాయడం, దాచడం

పేరును ఆధారం ఎక్కడి వరకు తీసుకెళ్తే అక్కడే ఆపాలి. కుటుంబం తెలిస్తే కుటుంబం, ప్రజాతి తెలిస్తే ప్రజాతి రాసి పక్కన ఎస్పీ (sp.) అని పెట్టాలి, జాతి తేలలేదని దాని అర్థం. ఒక జాతికి దగ్గరగా ఉండి తేల్చలేకపోతే ప్రజాతి పేరుకూ జాతి పేరుకూ మధ్య సీఎఫ్ (cf.) అని రాస్తారు, దాంతో పోల్చదగినదని అర్థం. ఇంటర్నెట్‌లో ఒక ఫోటోను పోలి ఉందని జాతి పేరు తగిలించడం కంటే ఇది వందరెట్లు ఉపయోగం, ఎందుకంటే తరువాత చూసేవారికి ఎక్కడ సందేహం మిగిలిందో తెలుస్తుంది.

సూక్ష్మశిలాజాలను నల్లని గుంట ఉన్న అట్ట స్లైడ్‌లలో, నీటిలో కరిగే ట్రాగకాంత్ జిగురుతో అతికిస్తారు, అవసరమైతే తడి కుంచెతో విడదీయవచ్చు. సూపర్ గ్లూ వాడితే ఇక ఆ గుల్ల రెండో ముఖం ఎవరికీ కనిపించదు. పళ్లు, వెన్నుపూసలకు దూది వేసిన చిన్న డబ్బాలు చాలు. ఇత్తడి రంగు మెరుపున్న పైరైట్ ముక్కలు తేమకు పొడిగా రాలిపోతాయి కనుక వాటి డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయాలి. ప్రతి డబ్బాలోనూ తేదీ, స్థలం, గడ్డలోనిదా ఇసుకలోనిదా, ఏ జల్లెడ మీద దొరికింది, ఎవరు ఏరారు అన్న చీటీ ఉండాలి.

గుర్తుపట్టలేనిది, వింతగా అనిపించినది దొరికితే కొలబద్ద పక్కన పెట్టి రెండు ముఖాలనూ, పక్క వైపునూ ఫోటో తీసి మ్యూజియంలోని నిపుణులకు చూపించాలి. వారు మొదట అడిగేది అది ఏ మట్టిలోది అని. కాబట్టి ప్రతి గడ్డలో మూడో వంతును కడగకుండా, ఎండబెట్టి, అదే చీటీతో సంచిలో దాచి ఉంచాలి. తరువాత మరో జల్లెడతో, మరో పద్ధతితో పరీక్షించాల్సి వస్తే ఆ మట్టే కావాలి.